వంటింటి తలుపు దగ్గర ముసలామె

ఆ సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. చూసినవాళ్ళు కాస్త చదివితే ఎట్లాగూ కనుక్కుంటారు. చూడనివాళ్ళకు పేరుతో పని లేదు.

నేను సూళగిరి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆఫీసు పని చేస్తాను. ఇల్లు హోసూరులో. పోయిన సంవత్సరం మా సెక్షన్లోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. వరంగల్ పక్క పిల్ల. ఇంజనీరింగ్ చదివి, తన వయసు ఆడపిల్లలతో కలిసి హోసూరులోనే బాడుగ ఇంట్లో ఉంటుంది. పనిలో చురుకు. ఆ పిల్లకు ఉండే ఒకే పిచ్చి పాత సినిమాలు. అందరూ చూసే పౌరాణికాలు, కుటుంబ కథలు కాదు. హత్యలు, విచారణలు, ఎవరు చంపినారు, ఎందుకు చంపినారు, ఇట్లాంటివి. చూసి ఊరుకోదు. ఆ సినిమాల గురించి నెట్‌లో ఎవరెవరు ఏమి రాసినారో అంతా చదువుతుంది. తనూ రాస్తుంది. క్యాంటీన్లో నా పక్కన కూర్చుని అవన్నీ నాకు చదివి వినిపిస్తుంది. నేను నా అన్నం తింటా వింటాను.

ఒక మధ్యాహ్నం చాలా సంతోషంగా వచ్చి కూర్చొనింది.

"అక్కా, నేను ఎప్పటిసంది ఎదురుచూస్తున్న సినిమా వచ్చింది. నలభై ఏండ్లు దాటిన సినిమా. అప్పట్ల థియేటర్లల్ల ఎక్కువ రోజులు ఆడలేదట. ఇప్పుడు దాని నెగటివ్ యాడనో దొరికితే, గీతలన్నీ తీసి, శుభ్రం చేసి ఓటీటీల పెట్టిన్రు. డిస్కు గూడ వచ్చింది. నేను డిస్కు కొన్న."

"ఓటీటీలో ఉంటే డిస్కు ఎందుకు?" అని అడిగినాను.

"ఓటీటీల ఇయ్యాల ఉంటది, రేపు తీసేస్తరు. డిస్కయితే నా దగ్గర ఉంటది."

ఆ తరువాత ఫోను తీసి అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టింది. ఒకాయన బొమ్మ అద్దంలా ఉంది కానీ పెదవులు ఒకటి, మాట ఒకటిగా ఉంది అని రాసినాడు. ఇంకొకాయనకు రంగులు పచ్చగా తిరిగినాయని బాధ. ఒకామె మొదటి సగం నత్తనడక, నేను ముందుకు జరుపుకుంటా చూసినాను, ఎవరూ తిట్టకండి అని రాసింది. ఆమెను చాలామంది తిట్టినారు. ఒకాయన మాత్రం తమ నాయన ఈ సినిమా కథను చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పేవాడని, ఇప్పుడు నాయన లేడని, సినిమా మాత్రం దొరికిందని రాసి, ఐదుకు ఐదు చుక్కలు ఇచ్చినాడు.

"అందరికన్నా ఎక్కువ కొట్లాట దేని మీదనో తెలుసా అక్కా? బావికాడి సీను మీద."

సినిమాలో ఆ సీను ఎట్లా వస్తుందో చెప్పింది. ఊర్లో ఒక పెద్ద రైతు. అతన్ని తమ్ముడే ధాన్యం కొట్టులో చంపుతాడు. చూసేవాళ్ళకు ఈ సంగతి మొదట్లోనే తెలిసిపోతుంది. ఊరికి మాత్రం తెలియదు. పాలేరును పట్టుకుని కొడతారు. తమ్ముడు ఎప్పుడు దొరుకుతాడా అని మనము చూస్తా కూర్చోవాలి, అదే సినిమా. చంపిన మరుసటి పొద్దున తమ్ముడు పెరట్లో బావి దగ్గరికి వచ్చి, నీళ్ళు చేది, చేతులు కడుక్కుంటాడు. వెనకాల వంటింటి తలుపు తెరుచుకుంటుంది. ఒక ముసలామె వచ్చి గడప మీద నిలబడుతుంది. చెయ్యి సగం పైకి ఎత్తుతుంది. చూస్తుంది. అంతే. సీను అయిపోతుంది. ఆ ముసలామె సినిమాలో అంతకు ముందు లేదు, ఆ తరువాతా రాదు. ఎవరో చెప్పరు.

"ఆమెకు హత్య సంగతి తెలుసని కొందరంటరు. పోయిన రైతు తల్లి దయ్యమై వచ్చిందని కొందరంటరు. ఇగో, ఒకాయన ఏం రాసిండో చూడు: ఆమె అతన్ని సూటిగా చూడదు, అతని పక్కకు చూస్తుంది, నిజాన్ని చూసే ధైర్యం లేని మన సమాజమే ఆమె. ఎంత బాగ రాసిండు."

నేను చెయ్యి కడుక్కుని వచ్చినాను. "ఆ బావికి కుడిపక్క రాతి తొట్టి ఉందా?" అని అడిగినాను.

"చూసిన్రా మీరు?"

"పూర్తిగా చూడలేదు. అది మా ఇల్లు. ఆ ముసలామె మా అవ్వ."

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వకపోయేసరికి నవ్వడం ఆపింది.

మాది వేప్పనపల్లి దగ్గర ఊరు. అక్కడి నుంచి కుప్పం పక్కనే. తమిళనాడే అయినా మా ఊర్లలో అందరూ తెలుగే మాట్లాడతారు. అప్పట్లో మద్రాసు నుంచి సినిమావాళ్ళకు తెలుగు పల్లె కావాలంటే అంత దూరం పోనక్కరలేదు, మా పక్కకు వస్తే చాలు. మా తాతకు తెలిసినాయన ఒకరు కుప్పంలో ఉండేవాడు. ఆయన వాళ్ళను మా ఇంటికి తీసుకొచ్చినాడు. పెద్ద స్తంభాల వసారా, ధాన్యం కొట్టు, పెరట్లో బావి చూసి వాళ్ళు ఇదే కావాలన్నారంట. తాత సరేనన్నాడు. అవ్వను ఎవరూ అడగలేదు. ఆమె ఊరికే తన పని చేసుకుంటా ఉండిందంట.

ఇదంతా నేను పుట్టకముందు. పుట్టకముందంటే, అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను.

సినిమా కృష్ణగిరిలో ఆడినప్పుడు ఊర్లో చాలామంది బస్సులెక్కి పోయి చూసి వచ్చినారు. అమ్మ పచ్చిబాలింత, పోలేదు. అవ్వను రమ్మంటే, మన ఇంటిని దినమూ ఊడుస్తానే ఉండాను, దాన్ని చూసేదానికి బస్సెక్కి పోవాల్నా అనిందంట. తరువాత ఎప్పుడో మా మేనత్త ఒక వీసీడీ తెచ్చింది. అందులో మనుషులందరూ ముద్దముద్దగా ఉండేవాళ్ళు. బావి సీనులో అవ్వ ఒక తెల్ల మచ్చ మాదిరి కనపడేది. చెయ్యీ లేదు, మొహమూ లేదు. అదిగో అవ్వ, అదిగో అవ్వ అని మేము వేలు పెట్టి చూపించుకునేవాళ్ళము. అమ్మ రెండు నిమిషాలు చూసి లేచి పోయేది.

అమ్మకు ఆ సినిమా అంటే ఇష్టం లేదు. కారణం మా అందరికీ తెలుసు. అమ్మే ఎన్నోసార్లు చెప్పింది. షూటింగు మొదటి దినం అమ్మ పెరట్లో నిలబడి చూస్తా ఉంటే, అవ్వ అంతమంది మద్రాసు మనుషుల ముందు అమ్మ చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయి లోపలి గదిలో కూర్చోబెట్టింది. ఆ తరువాత వాళ్ళు మూటలు సర్దుకుని పొయ్యేదాకా బయటికి రానీలేదు. ఊరంతా మా ఇంటికి వచ్చి షూటింగు చూసింది. ఆ ఇంటి కోడలు చూడలేదు. "నేనేమి దొంగతనము చేసినానా?" అని అమ్మ అడిగేది. మమ్మల్ని కాదు, గోడను అడిగినట్ల అడిగేది. ఆ తరువాత అత్తా కోడళ్ళు ఒకే ఇంట్లో ఎన్నో ఏండ్లు కలిసి బతికినారు. పెద్ద కొట్లాటలేమీ లేవు. మాటలు మాత్రం తక్కువ. అవ్వ పోయినప్పుడు అమ్మ చెయ్యాల్సినవన్నీ చేసింది. ఏడవలేదు.

ఈ కథంతా ఆ పిల్లకు చెప్పినాను. నమ్మినట్టే ఉంది కానీ, "ఆదివారం మీ ఊరికి పోదామా అక్కా?" అని అడిగింది. డిస్కు, దాన్ని ఆడించే పెట్టె రెండూ తానే తెస్తానంది.

ఆదివారం పొద్దున నా కారులో పోయినాము. చలికాలం. సూళగిరి దాటినాక కూడా మంచు విడవలేదు. దారి పొడుగునా ఆ పిల్ల సినిమాలో చూసిన కొండ ఇదేనా, ఆ గుట్ట ఇదేనా అని అడుగుతా ఉండింది. ఇంటికి పోయినాక మాత్రం మొహం వాడిపోయింది. మా తమ్ముడు ఇల్లు మార్చి కట్టి చాలా కాలమైంది. వసారా ఒకటే అట్లే ఉంది. ధాన్యం కొట్టు ఉన్న చోట ట్రాక్టరు నిలుపుతారు. బావికి ఇనుప జాలీ వేసినారు. రాతి తొట్టి పగిలిపోతే తీసి పారేసినారు. వంటిల్లు పక్కకు జరిగింది. ఆ పిల్ల బావి దగ్గర నిలబడి ఫోనులో సీను పెట్టుకుని, అటు తిరిగి ఇటు తిరిగి, చివరికి ఒక చోట ఆగింది.

"కెమెరా ఈడ పెట్టి ఉంటరు" అంది.

అమ్మ వసారాలో నుంచి చూస్తా, "ఈ పిల్ల మాట్లాడేది తెలుగేనా?" అని నన్ను మెల్లగా అడిగింది. తరువాత ఆ పిల్ల కూడా నన్ను అదే మాట అడిగింది, అమ్మ గురించి.

మేనత్తను కూడా పిలిచినాను. మా నాయనకు చెల్లెలు. షూటింగు జరిగినప్పుడు ఆమెకు బడికి పోయే వయసు. ఆ వారమంతా బడికి పోలేదు. లైట్లు మోసినవాళ్ళ వెంబడే తిరిగింది. అంతా తనకే తెలుసు అన్నట్టు మాట్లాడుతుంది, చాలావరకు తెలుసు కూడా.

టిఫిను అయినాక మా తమ్ముడు టీవీకి ఆ పెట్టె తగిలించినాడు. అమ్మ రానంటుందనుకున్నాను. ఇంటికి వచ్చిన పిల్లను అగౌరవం చేయకూడదని కాబోలు, వచ్చి కుర్చీలో కూర్చొనింది. చేతిలో ఒలిచేదానికి అనపకాయల చాట పెట్టుకుంది.

బొమ్మ మొదలయ్యింది. వీసీడీలో చూసింది ఇది కాదు. వసారా స్తంభాల మీద సున్నం పెచ్చులూడిన చోటు కూడా కనపడింది. తాత కట్టించిన అటక, దాని మీద పెట్టిన ఇత్తడి అండా, అన్నీ ఉండినాయి. అమ్మ చేతిలో కాయ అట్లే ఉండిపోయింది. "ఆ అండా మా పుట్టింటిది" అంది.

సినిమా నడుస్తా ఉండింది. రైతును చంపినారు. తెల్లారింది. రైతు తమ్ముడు బావి దగ్గరికి వచ్చినాడు. నీళ్ళు చేదినాడు. తలుపు తెరుచుకుంది. అవ్వ వచ్చింది.

మా అవ్వను నేను బాగా ముసలిదాన్నిగానే ఎరుగుదును. ఈ మనిషి అంత ముసలిది కాదు. ఇప్పటి అమ్మ కన్నా చిన్నది. ముక్కుపుడక, చెవికమ్మలు, నెత్తి మీద కొంగు, అన్నీ గీసినట్టు కనపడినాయి. కండ్లు బావి మీద లేవు. చేతులు కడుక్కునే మనిషి మీద లేవు. వాళ్ళకు పక్కగా, బొమ్మకు కుడివైపు బయట ఏదో చూస్తా ఉండినాయి. ఆ అంచులో రాతి తొట్టి కొస ఒకటే కనపడింది. కుడిచెయ్యి నడుము దాకా లేచింది. అరచెయ్యి నేలకేసి ఉంది.

ఆ పిల్ల రిమోటు నొక్కి అక్కడే ఆపింది. "దీని మీదనే అమ్మా కొట్లాటంతా. ఆమె ఎటు చూస్తున్నట్టు?"

"నన్ను" అంది అమ్మ. "నేను ఆడ నిలబడి ఉండాను. ఆ తొట్టి దగ్గర. సూడు, ఎంత కోపమో."

మేనత్త ముందుకు వంగి చూసింది. "తొట్టి దగ్గర కాదు వదినా. తొట్టి మీద. నువ్వు తొట్టి గట్టు మీద ఎక్కినావు."

"నేనా?"

"నువ్వే. ముందర మగవాళ్ళు నిలబడి ఉండారు, నీకు ఏమీ కనపడలేదు. చీర ఎత్తిపట్టుకొని గట్టు మీదికి ఎక్కినావు. నేను పక్కన్నే ఉండాను కదా. నీ భుజం అందక నీ చీర పట్టుకొని ఉండాను."

అమ్మ టీవీలో తొట్టి ఉన్న పక్కకు చూసింది. ఆ గట్టు నాకు తెలుసు. నా చిన్నప్పుడు కూడా దాని మీద ఎప్పుడూ పాచి పట్టి ఉండేది. మేము ఎక్కితే అవ్వ కట్టె తీసుకుని వచ్చేది.

"ఎక్కినాను" అంది అమ్మ, ఆఖరుకు. "అవును. ఎక్కినాను."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నేను చెప్పినాను, అప్పుడు అమ్మ నెలలు నిండుతున్న మనిషి అని. చెబుతా ఉంటే నాకే ఇంకొకటి గుర్తొచ్చింది. నాకు ముందు అమ్మకు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ షూటింగు సంగతి ఒక పక్క, ఆ బిడ్డ సంగతి ఒక పక్క విన్నాను. రెండింటినీ ఒక దగ్గర పెట్టి ఎప్పుడూ చూడలేదు. అమ్మ కూడా చూడలేదనుకుంటాను.

"ఇంకొకసారి పెట్టమ్మా" అని ఆ పిల్లను అడిగింది అమ్మ.

పెట్టింది. అవ్వ తలుపు తెరిచింది, గడప మీద నిలబడింది, చూసింది, చెయ్యి ఎత్తింది. ఇంకొకసారి పెట్టింది. అమ్మ కుర్చీ జరుపుకుని టీవీ దగ్గరికి పోయింది.

"దిగమంటా ఉండాది" అంది. "చేత్తో చూపిస్తా ఉండాది, దిగు, దిగు అని. నోటితో అంటే వాళ్ళ షూటింగు పాడవుతుందని అనలేదు."

"షూటింగు పాడవుతుందని మా అమ్మ నోరు మూసుకునే రకమా?" అంది మేనత్త. "కోపం వచ్చి మాట రాలేదు. అంతే."

"మీ అమ్మకు కోపం వస్తే చెయ్యి ఎత్తదు. కండ్లే చాలు. నీకు తెలియదా? ఇది కోపం కాదు. భయపడి ఉండాది."

"కోపమే వదినా."

"భయము."

ఇద్దరూ చాలాసేపు అట్లే వాదించుకున్నారు. నెట్‌లో జనం కొట్టుకున్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. వీళ్ళకు ఆ మనిషి తెలుసు, అంతే. మేనత్తకు తల్లి, అమ్మకు అత్త. నేను ఆ మొహాన్ని పట్టి పట్టి చూసినాను. నాకు భయమే కనపడింది. అమ్మ చెప్పినందుకు కనపడిందేమో చెప్పలేను.

ఒకటి మాత్రం మేనత్త చెప్పినాక తెలిసింది. ఆ సీనులో ఎవరూ రాకూడదంట. అవ్వ తలుపు తీసుకుని వచ్చేసరికి ఎవరో అరిచినాడంట, ముసలామెను ఎవరు వదిలినారని. డైరెక్టరు మాత్రం, ఉండనీ, బాగుంది అన్నాడంట. ఆ మాట విన్నానని మేనత్త గట్టిగా చెప్పింది. అవ్వ అదేమీ పట్టించుకోకుండా నేరుగా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. అది సినిమాలో లేదు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అమ్మ మిగిలిన సినిమా కూడా చూసింది. అంతా చూసింది. పాలేరును కొట్టే దగ్గర మొహం పక్కకు తిప్పుకుంది. ఆఖర్న ఆ చంపిన తమ్ముడు బావి గట్టు మీద కూర్చుని ఉంటే దూరంగా పోలీసు జీపు వస్తా ఉంటుంది, దొరికినాడో లేదో చూపించరు.

"ఎట్లుంది అమ్మా?" అని ఆ పిల్ల అడిగింది. ఒక పెద్ద విమర్శకుణ్ణి అడిగినంత ఆత్రంగా అడిగింది.

అమ్మ ఆలోచించి చెప్పింది. "బాగానే ఉండాది. కానీ ఆ ఇంట్లో కుక్క లేదు. అంత ఇంట్లో కుక్క లేకుండా ఉంటుందా? ఆ పొద్దు మా కుక్కను తోపులో కట్టేసినారు, మొరుగుతుందని. కుక్క ఉండింటే ఆ పిల్లోడు కొట్టు దగ్గరికి పోలేడు. ఇంకొకటి. ఇంటి మొగోడు చచ్చినాడు కదా. ఆ పొద్దు ఆవులకు పాలు ఎవురు పిండినారు? ఎవురూ పిండలేదు. ఆవులు అరిచింటాయి. సినిమాలో అరవలేదు. చంపిన పిల్లోడు మాత్రం బాగా చేసినాడు. మా ఇంట్లోనే అన్నం తినినాడు. తిన్నాక తన ఆకు తానే ఎత్తినాడంట. మంచి పిల్లోడు."

ఆ పిల్ల ఇదంతా ఫోనులో రాసుకుంది.

ఆ రాత్రి హోసూరుకు తిరిగి వచ్చేసినాము. మరుసటి వారం ఒక సాయంత్రం నేను ఆ సినిమా పేజీ తెరిచి కూర్చున్నాను. అంతమంది రాసినారు, నేనెందుకు రాయకూడదు అనిపించింది. ఆ ముసలామె మా అవ్వ, ఆమె నటించలేదు, ఆ సమయానికి తలుపు తీసుకుని వచ్చింది, అంతే, అని రాసినాను. రాసి పడుకున్నాను.

పొద్దునకు చాలా జవాబులు వచ్చినాయి. ఎవరైనా ఇట్లా చెప్పుకోవచ్చు, రుజువు ఏది అని ఒకాయన. ఆమె తంజావూరు పక్క నాటకాల్లో వేసే మనిషి అని తనకు బాగా తెలిసినవాళ్ళు చెప్పినారని ఇంకొకాయన. నేను బావి ఫోటో పెట్టినాను. ఆ బావికి జాలీ ఉంది, సినిమాలో జాలీ లేదు, కాబట్టి ఇది వేరే బావి అన్నారు. ఒకామె మాత్రం మర్యాదగా రాసింది: మీరు చెప్పేది నిజమే అయినా దయచేసి చెప్పకండి, ఆమె ఎవరో తెలియకుండా ఉంటేనే నాకు బాగుంటుంది. ఆ మాట నాకు నచ్చింది. అది సరైన మాటే అనిపించింది. తీసేద్దామా అనుకున్నాను.

మా ఆఫీసు పిల్ల తీసేయనీలేదు. వాళ్ళతో తానే కొట్లాడింది. అమ్మ చెప్పిన కుక్క సంగతి, ఆవుల సంగతి కూడా రాసి పెట్టింది. దానికి మాత్రం అందరూ మెచ్చుకున్నారు. నిజమే, ఆవులు అరవాలి కదా, ఇన్నేండ్లుగా ఎవరికీ తట్టలేదే అన్నారు. నేను అవ్వ గురించి చెప్పింది ఒక్కరూ నమ్మలేదు. అమ్మ ఆవుల గురించి చెప్పింది అందరూ నమ్మినారు.

ఈ సంగతి చెబితే అమ్మ ఫోనులోనే నవ్వింది. "వాళ్ళకి ఎట్ల తోస్తే అట్ల అనుకోనీలే. ఆమె ఎవురో వాళ్ళకి ఎందుకు?"

తమ్ముడు ఆ బొమ్మను ఆపి ఫోటో తీసి, పెద్దది చేయించి గోడకు తగిలిద్దామన్నాడు. మేనత్త ఒప్పుకోలేదు. కోపంగా ఉన్న మొహాన్ని గోడకు పెట్టుకుంటారా అని. అమ్మ కూడా వద్దనే అంది, కానీ కారణం వేరే. "నన్ను చూసిన చూపు అది. దాన్ని గోడకు పెడితే ఇంటికి వచ్చినోళ్ళనంతా చూస్తా ఉంటుంది." తమ్ముడు ఊరుకున్నాడు.

ఇంకో రెండు మూడు వారాలకు నేను ఒక్కదాన్నే ఊరికి పోయినాను. అమ్మ వసారాలో చాప మీద కూర్చుని అనపగింజలు పితుకుతా ఉండింది. నానబెట్టిన గింజను వేళ్ళతో నొక్కితే పప్పు ఒక పక్కకు, తొక్క ఒక పక్కకు వస్తాయి. పితికిపప్పు కూర మా పక్క చలికాలమంతా చేస్తారు. నేనూ కూర్చుని పితికినాను.

కాసేపటికి అడిగినాను. "ఆ గదిలో అన్ని దినాలు ఏమి చేసినావమ్మా?"

ఈ ప్రశ్న ఇన్నేండ్లలో మేమెవరమూ అడగలేదు. గదిలో పెట్టింది అన్న దగ్గరే కథ ఆగిపోయేది. ఆ తరువాత ఏమైందో మాకు అక్కరలేదు.

"ఏమి చేస్తాను? ఇదే. గింజలు పితికినాము."

"పితికినాము అంటే? ఎవురెవురు?"

"నేనూ, మీ అవ్వ. ఆమె గడప మీద కూర్చొనింది, నేను లోపల కూర్చొన్నాను. ఇంత పెద్ద చాట మధ్యలో. సినిమావాళ్ళకంతా పితికిపప్పు కూర చేసి పెట్టాలని మీ తాత చెప్పినాడు కదా. అంతమందికి ఎంత పప్పు కావాల. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పితకడమే."

నేను చెయ్యి ఆపినాను. "అయితే అవ్వ కూడా షూటింగు చూడలేదా?"

అమ్మ కూడా చెయ్యి ఆపింది. ఈ సంగతి ఆమె కూడా అప్పుడే గుర్తించిందని మొహం చూస్తే తెలిసింది.

"లేదు" అంది. "ఆమె నా దగ్గరే కూర్చొని ఉండింది. నేను లేచి పోతానేమో అని. బయట ఎవురో అరిచినా, ఏదో విరిగిన శబ్దం వచ్చినా, ఏమైందో పోయి చూసి రాలేదు. ఒకసారి బయట అందరూ ఒకటే నవ్వు. ఎందుకు నవ్వుతా ఉండారో అని నన్ను అడిగింది. నాకేమి తెలుసు, నన్ను నువ్వే కదా ఈడ కూర్చోబెట్టింది అన్నాను. ఆమె ఇంకో గుప్పెడు గింజలు నా పక్కకు తోసింది."

"ఆమెకూ చూడాలని ఉండిందేమో."

"ఉండక యాడికి పోతుంది? అంత దూరం నుంచి మనుషులు వచ్చి మన ఇంట్లో సినిమా తీస్తా ఉంటే."

మళ్ళా పితకడం మొదలుపెట్టింది. చాట నిండినాక తొక్కలన్నీ ఎత్తి ఒక గంపలో వేసి, ఆవుకు పెట్టి రమ్మని నా చేతికి ఇచ్చింది. పెట్టి వచ్చినాను. వచ్చేసరికి పొయ్యి మీద కూర ఉడుకుతా ఉంది.